పై ఊరి జీవాలకు సూది వేశామా, లేదా

నా చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ఇది నేను చెప్పుకుంటున్న గొప్ప కాదు, ముప్పై నాలుగేళ్లలో మా దవాఖాన తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ రిజిస్టరు తెరవగానే అన్న మాట. పశువుల దవాఖానలో సహాయకుడిగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నా రిజిస్టర్లలో కొట్టివేత ఒకే ఒక్కటి. నా నౌకరీలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే ఆ కొట్టివేతనే చూపిస్తాను. ఇప్పుడు ఫోన్లలో వివరాలు ఎక్కిస్తూ ఊళ్లు తిరుగుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ కథ మీకోసమే రాస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి, ముసలివాడి రాత నిదానంగానే సాగుతుంది.

మా దవాఖాన దేవరకొండకు బస్సులో గంట దూరం. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు కూడా అయిపోయిన తర్వాత ఒక చలికాలం జరిగిందిది. మా పరిధిలోని ఊళ్లలో రెండిటితోనే ఇక్కడ పని. గుట్ట మీద రాళ్ల నేలల్లో ఉన్నది పై ఊరు, కాలువ అవతల వరిపొలాల మధ్య ఉన్నది కింది ఊరు. రెండు ఊళ్లలోనూ గొర్రెలు పెంచే ఇళ్లు బాగానే ఉన్నాయి. ఒక్కో ఊరికి ఆరు వందల లోపు జీవాలు. మా వైపు గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలనే అంటారు.

ఆ చలికాలం పై ఊరికి పక్కనే ఉన్న మరో ఊళ్లో పారుడు రోగం దిగింది. ముందు జ్వరం, తర్వాత ముక్కు కారడం, నోటి పుండ్లు, ఆపైన ఆగకుండా పారడం. సూడి గొర్రెలకు వస్తే కడుపులు పోతాయి. వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకముందు టీకా వేస్తే మాత్రం మూడేళ్లు భయం లేదు. ఆ ఊరి మందలూ పై ఊరి మందలూ నీళ్లు తాగేది ఒకే కుంటలో. అంటే రోగం పై ఊరికి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మా డాక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. చురుకు, నిజాయితీ, మంచి చదువు. నన్ను అన్నా అని పిలిచేది. జిల్లాకు ఫోన్ చేసి టీకాలు అడిగింది. ఆరు సీసాలే ఉన్నాయట. ఒక్కో సీసా వంద జీవాలకు. అంటే ఒక్క ఊరికి సరిపోతాయి.

"రేపు పదకొండు గంటల లోపల ఏ ఊరికో చెప్పాలెనట అన్నా," అంది కంప్యూటర్ ముందు కూర్చుని. "పై ఊరు ఎండకాలంలనే పూర్తయింది, నూటికి నూరు శాతం చూపిస్తుంది. కింది ఊరు సున్నా. ఇగ ఆలోచించేదేముంది, కింది ఊరికే."

నేను తలూపాను. ఎండాకాలంలో పై ఊరి శిబిరంలో సూదులు వేసింది నేనే, రిజిస్టరులో రాసింది నేనే.

ఆ మధ్యాహ్నం పై ఊరి నుంచి ఒక అవ్వ నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు కూలికి పోయి ఐదు గొర్రెలు కొనుక్కుని, వాటిని డెబ్బై దాకా పెంచుకుంది. ఆమె మందను నేను ఎరుగుదును. గుమ్మంలోకి రాకుండానే అంది:

"సారూ, మా జీవాలకు పారుడు సూది ఎయ్యలే. పక్కూర్ల సచ్చిపోతున్నయంట. జర మా దిక్కు రాండ్రి."

"వేసినం కదవ్వా. ఎండకాలంలనే అయిపోయింది."

"యాడ ఏసిండ్రు? మీరొచ్చిన దినాలల్ల ఊర్ల ఒక్క మంద లేదు. అందరం కృష్ణ ఒడ్డుకు మేపవోయినం."

నేను రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాను. తేదీ, ఊరి పేరు, ఆరు వందల జీవాలు, సీసాల నంబర్లు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఆమె ఆ పేజీని కాసేపు చూసింది.

"నాకేం చదువొస్తదా సారు. గా బుక్కుల ఏసినవ్ సూది. నా గొర్రెకు ఎయ్యలే."

నాకు కోపం వచ్చింది. నా రాతను పట్టుకుని అబద్ధమనడమా? ఆమె మరిది కూడా గొర్రెలు కాసేవాడే. వాడికి అక్కడే ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టి అడిగాను, మీ జీవాలకు సూది వేశామా లేదా అని. "ఏసిండ్రు గద సారు, వానలకు ముంగట," అన్నాడు వాడు. నేను అవ్వ వైపు చూశాను. గెలిచినట్టే చూశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ, "నలభై సూడివున్నయి సారు. కడుపులు వోతె నేను మల్ల కూలికి వోవాలె. గీ వయసుల నన్నెవరు పిలుస్తరు," అని లేచి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ ఆమె వెళ్లేదాకా ఆగి, కాగితాలన్నీ ముందేసుకుంది. నా రిజిస్టరు చూసింది, నెలవారీ నివేదిక చూసింది, కంప్యూటర్‌లో లెక్క చూసింది, మందుల స్టాకు పుస్తకం చూసింది. "నాలుగు చోట్లా ఒక్కటే ఉందన్నా. ఆమె మరిది గూడ వేసిండ్రనే అన్నడు. ఆమె ఒక్కతే కాదంటుంది," అంది. సాయంత్రం దాకా నేను చాలా తృప్తిగా ఉన్నాను.

మా దవాఖాన అటెండరు నాకంటే రెండేళ్లు చిన్న. సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. గొర్రెను కదలకుండా పట్టుకోవడంలో అతణ్ణి మించిన మనిషిని నేను చూడలేదు. ఆ సాయంత్రం దవాఖాన మూసే ముందు సూదులు కడుగుతూ ఊరికే అన్నాడు:

"పై ఊర్ల గా దినం ఎంత తిప్పలైంది సారు. ఒక్కోదానికి బొచ్చు పాపుకుంట పాపుకుంట సూదెయ్యవడితిమి. రెండు దినాలు నా చేతులకు గొంగడి వాసన పోలే. నా పెండ్లాం సెంబు గూడ ముట్టనియ్యలే."

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పై ఊరి వాళ్లవి నెల్లూరు రకం గొర్రెలు. వాటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలు. చర్మం పట్టి ఎత్తితే చాలు, సూది దిగుతుంది. బొచ్చు పాపి చర్మం వెతుక్కోవాల్సింది పాలమూరు వైపు నల్ల గొర్రెలకు. అటెండరు ఆ మాట అన్నాక నా వేళ్లకు కూడా గుర్తొచ్చింది. ఆ రోజు సూది జారిపోతుంటే వేళ్లకు అంటిన ఉన్ని జిడ్డును మాటిమాటికి చేతిగుడ్డతో తుడుచుకున్నాను. అన్నీ రాసుకున్న నాకు ఆ సంగతి రాసుకోవాలని తోచలేదు.

ఇంటికి పోయి ఆలోచిస్తే ఇంకో సంగతి తేలింది, తేలిన కొద్దీ సిగ్గు వేసింది. నాలుగు చోట్లా ఒక్కటే ఉందని డాక్టరమ్మ అంది. నివేదిక నా రిజిస్టరు చూసి రాసింది. కంప్యూటర్‌లో ఎక్కింది ఆ నివేదిక చూసి. స్టాకు పుస్తకం ఆరు సీసాలు ఖర్చయ్యాయని చెబుతుందే గాని, ఎవరి గొర్రెలకని చెప్పదు. కాగితాలు నాలుగున్నా మాట్లాడిన నోరు ఒక్కటే, అది నాది. నా మాటను నేనే నాలుగుసార్లు విని, నాలుగు సాక్ష్యాలున్నాయని మురిసిపోయాను.

మరి ఆ నోరు ఏం చెప్పింది? రిజిస్టరులో "గ్రామం" అని ఒక గడి ఉంటుంది. నేను నిలబడ్డ ఊరి పేరు రాశాను. యజమాని పేరు గడిలో మందతో ఉన్న పెద్దాయన పేరు ఒకటి రాసి, పక్కన "వగైరా" అని చుట్టేశాను. ఆయన ఏ ఊరి వాడో అడగలేదు. ఎండ మండిపోతోంది, ఇంకా నాలుగు వందల గొర్రెలున్నాయి, సీసా కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. కారణాలు చెప్పుకుంటే ఎన్నైనా ఉంటాయి.

అయినా నాకున్నది ఒక అనుమానమే. నా జ్ఞాపకం, అటెండరు జ్ఞాపకం. దాన్ని పట్టుకుని పరుగెత్తితే, మధ్యాహ్నం రిజిస్టరును నమ్మినంత తప్పే మళ్లీ చేసినవాణ్ణి అవుతాను. ఒకవేళ పై ఊరికి నిజంగా టీకాలు పడి ఉండి, ఈ ఆరు సీసాలూ మళ్లీ అక్కడే పోస్తే, కింది ఊరి మందలు టీకా లేకుండా మిగిలిపోతాయి.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చేసి పదకొండు దాకా ఆగమని అడిగాను. ఎందుకన్నా అని అడిగింది. వచ్చి చెబుతానని స్కూటరు తీశాను.

ఎండాకాలం శిబిరం పెట్టింది పై ఊళ్లో ఒక రైతు ఆముదం చేనులో. మా వైపు ఎండాకాలం చేనులో గొర్రెల మందను కొన్ని రోజులు పడుకోబెట్టించుకుంటారు. పెంటికలు, మూత్రం చేనుకు ఎరువు, గొర్రెల కాపరులకు బదులుగా జొన్నలు. మంద పెట్టించడం అంటారు దాన్ని. ఏ మంద ఎన్ని రోజులు పడుకుందో ఆ రైతు మర్చిపోడు, ఎందుకంటే అది అతని పంట. పైగా నా టీకాలతో అతనికి ఏ సంబంధమూ లేదు. నాకు అలాంటి మనిషే కావాలి.

చేను గట్టు మీద కూర్చుని, టీకా మాట ఎత్తకుండా అడిగాను: "పోయిన ఎండకాలం మంద ఎన్ని దినాలు పెట్టిచ్చినవ్?"

"ఎనిమిది దినాలు సారు."

"ఎవరిది?"

"మనూరోళ్లు యాడున్నరు, అందరు కృష్ణకు వాయిరి. పాలమూరోళ్లు గిట్ల పోతుంటె బతిమాలి నిలవెట్టుకున్న. మూడో దినమే గద నువ్వొచ్చి సూదులేసింది. నా తాన సల్ల గూడ తాగినవ్, మరిసినవా?"

ఆ మజ్జిగ సంగతి మర్చిపోయాను. అడక్కుండానే అతను లేచి ముళ్లకంప దగ్గరికి తీసుకెళ్లాడు. వానలన్నీ తిన్న తర్వాత కూడా కంప సందుల్లో నల్ల ఉన్ని కుచ్చులు ఇంకా వేలాడుతున్నాయి. ఒకటి పీకి వేళ్ల మధ్య నలిపి చూశాను.

ఇక మిగిలింది అవ్వ మరిది. వాడు వేశారని ఎందుకన్నాడు? నన్ను చూసి వాడు మళ్లీ అదే మాట మొదలుపెట్టబోయాడు. నేను ఆపి, "వేసిననా లేదా నాకొద్దు. గా దినం నన్ను చూసినవు గద, నేనేం చేసిననో మొదటినుంచి చెప్పు," అన్నాను.

"ఏముంది సారు. యాపచెట్టు కింద కూసున్నవ్. పెద్ద బుడ్డీలకెల్లి మందు గుంజుడు, ఏసుడు, గుంజుడు, ఏసుడు. గంతే."

"చిన్న సీసాలో పొడి కరిగిస్తిని కదా?"

"పొడి ఏందది? పొడి గిడి ఏం లేదు."

పారుడు టీకా పొడిలా ఉంటుంది, మంచు డబ్బా మీద పెట్టి నీళ్ల మందులో కలుపుకోవాలి. పెద్ద బుడ్డీలోంచి నేరుగా తీసి వేసేది చిటుక రోగమనే వేరే జబ్బు టీకా. మందలు కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొచ్చాక, వానలకు ముందు వేసింది అదే. వాడు అబద్ధం చెప్పలేదు. నేనే ఏ సూది అని అడగకుండా, నాకు కావలసిన జవాబు వాడి నోట చెప్పించుకున్నాను.

పదకొండుకు పది నిమిషాల ముందు దవాఖాన చేరి అంతా చెప్పాను. డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి ఆ వరుస మీద వేలు పెట్టింది. తర్వాత, "రాసింది మీరే కదన్నా," అంది.

"నేనే మేడమ్. అందుకే తప్పని చెప్పాల్సింది కూడా నేనే."

ఆమె ఫోన్ అందుకుంది, మళ్లీ పెట్టేసింది. చిక్కు ఎక్కడో ఆమెకు అప్పుడే తట్టింది. లెక్కల్లో నూరు శాతం పూర్తయిన ఊరికి మళ్లీ ఆరు సీసాలంటే పైవాళ్లు ఒప్పుకోరు. అటెండరు గుమ్మంలోంచి మెల్లగా ఉపాయం చెప్పాడు: "సూదులు పై ఊర్ల ఏద్దాం, బుక్కుల కింది ఊరని రాద్దాం సారు. ఎవనికి తెలుస్తది. ఇంక ఏడాదైతె నువ్వు దిగిపోతవు. గీ పంచాయితి నీకెందుకు?"

నా మీద ప్రేమతోనే అన్నాడు. ఒక్క క్షణం నాకూ బాగానే అనిపించింది. కానీ అలా రాస్తే కింది ఊరు లెక్కల్లో పూర్తవుతుంది. రేపు అక్కడి నుంచి ఇంకో అవ్వ వస్తుంది. అప్పుడు నా తర్వాత కూర్చున్నవాడు నా అందమైన అక్షరాలు ఆమెకు చూపిస్తాడు.

రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి, ఆ వరుస మొత్తం కొట్టేశాను. కింద రాశాను: ఈ టీకాలు పాలమూరు వైపు నుంచి వచ్చిన మందలకు వేసినవి, ఊరు పొరపాటున రాశాను, పై ఊరి జీవాలకు పారుడు టీకా పడలేదు, ఫలానా వాళ్లను అడిగి తెలుసుకున్నాను. తేదీ వేసి సంతకం చేశాను. అదే సంగతి ఉత్తరంగా రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని ఫోటో తీసి జిల్లాకు పంపే ముందు, "అన్నా, ఇది మీ మీదికి వస్తది," అంది.

"రానియ్యండి మేడమ్. నా మీదికే కదా రావాలె."

ఆ ఉత్తరం పంపాక నాకు కలిగినంత నిబ్బరం ఏ ప్రశంసాపత్రం అందుకున్నప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నానికి సీసాలు మంచు డబ్బాలో పై ఊరు చేరాయి. పొద్దుగూకే దాకా వేశాం. డాక్టరమ్మ చీర కొంగు నడుముకు చుట్టి తనే సగం మందకు వేసింది. అటెండరు పట్టాడు, నేను రాశాను. ప్రతి మనిషినీ ఏ ఊరని అడిగాను. పుట్టినప్పటి నుంచి నన్నెరిగినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లనూ అడిగాను. "సారుకు ఏమైందిరా," అని నవ్వుకున్నారు.

మెమో వచ్చింది, జవాబు రాశాను. అంతకు మించి ఏమీ కాలేదు. నా ఉత్తరం పుణ్యమా అని కింది ఊరు ఇంకా మిగిలే ఉందని పైవాళ్లకు తెలిసి, ఐదో రోజు వేరే సీసాలు పంపారు. ఆ ఐదు రోజులూ రోగం కాలువ దాటకపోవడం మా అదృష్టం, అందులో నా ప్రతాపం ఏమీ లేదు. ఆ తర్వాత డాక్టరమ్మ మా రిజిస్టరులో రెండు గడులు కొత్తగా గీయించింది: జీవాల సొంత ఊరు ఒకటి, ఎవరిని అడిగి రాశాం అన్నది ఇంకొకటి. ఆమె ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. తన కింది వాళ్లతో ఇప్పటికీ ఆ రెండు గడులూ నింపిస్తుందట.

మీ ఫోన్లు మీరు నిలబడ్డ జాగాను తమంతట తామే రాసుకుంటాయని విన్నాను. మంచిదే. కానీ ఆ ఎండాకాలం నేను చేసింది సరిగ్గా అదే పని. నిలబడ్డ జాగాను రాశాను. మీ ఎదురుగా ఉన్న గొర్రె ఎక్కడిదో ఫోనుకు తెలియదు, మీరు అడగాలి. అడిగేటప్పుడు మీకు కావలసిన జవాబును ప్రశ్నలో పెట్టి ఇవ్వకండి. కళ్లతో ఏం చూశారో చెప్పమనండి. ఇద్దరు ఒకే మాట చెబితే, ఒకరి నుంచి ఇంకొకరు విన్నారేమో కనుక్కోండి. నేను ముప్పై ఏళ్ల తర్వాత నేర్చుకున్నాను, మీరు ముందే నేర్చుకోండి.

టీకా వేశాక దేహంలో బలం రావడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ పక్క ఊళ్లో రోజూ చచ్చిన గొర్రెల్ని గుంతల్లో పూడుస్తున్నారు. పై ఊరి వాళ్లను కుంట వైపు పోవద్దని, బోరు నీళ్లే తాపమని చెప్పాం. అయినా రోగం వచ్చింది. ఊరంతటి మీద నాలుగు పిల్లలు పోయాయి, అక్కడితో ఆగింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున అవ్వ దొడ్డి దగ్గరికి వెళ్లాను. ఆమె తడక తీసి మందను మేతకు వదులుతోంది. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. సూడివన్నీ నిండు కడుపులతో, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. నాకు కళ్లు చెమర్చాయి, ఎండ వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె అది చూసిందో లేదో తెలియదు.

"ఎన్నున్నయి సారు?" అంది.

"డెబ్బై రెండవ్వా."

"కాదు. డెబ్బై మూడు. ఒకటి గిప్పుడే ఈనింది. పిల్ల గా గంప కింద ఉన్నది."

ఆమె మాట మీద నమ్మకం లేక కాదు. వంగి గంప ఎత్తి చూశాను. ఇంకా తడి ఆరని పిల్ల, వణుకుతున్న కాళ్ల మీద లేవడానికి చూస్తోంది. గంప మెల్లగా దించి, జేబులోంచి పుస్తకం తీసి, డెబ్బై మూడు అని రాశాను.